చేయి తిరిగినవారికి చేయూత

గత సంవత్సరము మా అక్కయ్య స్నానాల గదిలో జారిపడి తుంటి ఎముక విరుగగొట్టుకొన్నది. శస్త్రచికిత్స జరిగిన పిమ్మట కృష్ణాతీరమున ఒక పట్టణములోని ఆసుపత్రిలో 11 రాత్రులు ఆమెకు తోడుగా ఉండవలసివచ్చినది. పగటివేళ మా మేనకోడలు, రాత్రివేళ నేను. ఆసుపత్రిలో రాత్రికి నిడివి ఎక్కువ. చదువుకొందమన్న వెలుతురు చాలదు. నిద్రపోదమన్న అదే వెలుతురు ఎక్కువ. కనుక కుర్చీలో కూర్చుండి వార్డులో జరుగుదానిని చూచుచుండుటయే నా పని అయినది. ముప్పది యేండ్లుగా పాఠములు చెప్పుకొని బ్రతుకుచున్నవాడను. బోధనను గూర్చి నాకు అంతవరకు తోచని సంగతి ఒకటి ఆ వార్డులో తోచినది. దానిని తోడి ఉపాధ్యాయులతోను, రేపు ఏదో ఒక కొలువులో కాలు పెట్టబోవు విద్యార్థులతోను చెప్పుకొందమని ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

మూడవనాటి సాయంకాలము మా వార్డునకు ఒక కొత్త నర్సు వచ్చినారు. 'కొత్త' అన్నమాట ఆ ఆసుపత్రికి వర్తించును గాని ఆమె పనికి వర్తించదు. నలుబది యేండ్లు దాటిన మనిషి. పదునాలుగేండ్లు గల్ఫు దేశములలో పనిచేసి, వృద్ధురాలైన తల్లిని చూచుకొనుటకై స్వస్థలమునకు తిరిగివచ్చి, ఆ వారమే ఇక్కడ చేరినారట. ఆమె నడకలో తొట్రుపాటు లేదు. అంతకుముందు రెండుమార్లు తప్పిపోయిన నరమును ఆమె ఒక్కమారు తడిమి పట్టుకొన్నప్పుడు మా అక్కయ్య, "చీమ కుట్టినట్టు కూడా లేదురా తమ్ముడూ" అన్నది. ఆమెకు వార్డును చూపుటకు ఒక చిన్న నర్సును తోడిచ్చినారు. చదువు ముగించి రెండేండ్లయిన పిల్ల. ఆ పిల్ల ఆమెను 'మేడమ్' అని పిలుచుచు, అడిగినదానికి జవాబు చెప్పుచు, అడుగనిదానికి ఊరకుండుచు, రెండడుగులు వెనుకగా నడచుచుండెను.

మా అక్కయ్యకు చాలకాలముగా చక్కెర వ్యాధి. రాత్రి భోజనమునకు ముందు 16 యూనిట్ల ఇన్సులిన్ ఇవ్వవలెనని డాక్టరుగారు కేసు షీటులో వ్రాసినారు. వార్డులోని సీసాలు ఆనాడు నిండుకొన్నవి. మా మేనల్లుడు బజారునుండి ఒక సీసా కొనితెచ్చి ఇచ్చినాడు. కొత్త నర్సు ఆ సీసాను తీసికొని, ట్రేలోని సిరంజిని తీసి, 16వ గీత వరకు మందు లాగి, మంచము దగ్గరకు వచ్చినారు. వచ్చి ఆగిపోయినారు. సిరంజిని దీపమునకెత్తి చూచినారు. ట్రేలో పడియున్న దాని మూతను చూచినారు. వెనుకకు తిరిగి, "ఏమమ్మా, ఈ మూత ఎర్రగా ఉందేం? మా దగ్గర ఎప్పుడూ నారింజ రంగే ఉండేది" అని అడిగినారు.

ఆ పిల్ల ముఖమున కత్తివాటుకు నెత్తురుచుక్క లేదు. "అయ్యో మేడమ్! అది నలభై సిరంజి. సీసా వందది. మీకు తెలిసే ఉంటుందనుకున్నాను."

ఎవరును గొంతు పెంచలేదు. లాగిన మందు పారవేసి, మరొక సిరంజి తెప్పించి, ఇద్దరును కలసి గీతను చూచి, మందు ఇచ్చినారు. మా అక్కయ్య అన్నము తిని నిద్రపోయినది. జరిగినది ఆమెకు నేటికిని తెలియదు.

తప్పు ఎక్కడ పుట్టినది?

మరునాడు హెడ్ నర్సుగారు నన్ను పిలిచి, దాచక, ఉన్నదున్నట్లు చెప్పినారు. మన దేశమున ఇన్సులిన్ రెండు బలములలో దొరకును. ఒక మిల్లీలీటరునకు 40 యూనిట్లు గలది ఒకటి. 100 యూనిట్లు గలది మరొకటి. దేని సిరంజి దానికి వేరు. 40 బలము దానికి ఎర్రమూత, 100 బలము దానికి నారింజ మూత. ఎర్రమూత సిరంజిలో 16వ గీత అనగా 0.4 మిల్లీలీటరు. 40 బలము మందులో అది సరిగా 16 యూనిట్లగును. 100 బలము మందులో అంతే ద్రవమునకు 40 యూనిట్లగును. అనగా ఇవ్వవలసినదానికి రెండున్నర రెట్లు. రక్తములో చక్కెర పడిపోయి, చెమటలు పట్టి, స్పృహ తప్పి, సకాలమున గుర్తింపనిచో ప్రాణమునకే ముప్పు వచ్చును. ఆ నర్సు ఇంతవరకు పనిచేసిన చోట ఉన్నది 100 బలము ఒక్కటే. అక్కడ సీసా చూచి సిరంజి తీయుటయే గాని, సిరంజిని సీసాతో సరిపోల్చు అవసరమే ఆమె చేతికి ఎన్నడును రాలేదు.

ఆలోచింపుడు. ఈ పొరపాటు ఆమెకు ఇన్సులిన్ తెలియకపోవుటవలన రాలేదు; మిక్కిలి బాగుగా తెలిసియుండుటవలన వచ్చినది. కొత్తగా చదువు ముగించిన పిల్లయైనచో సీసామీది అక్షరములను కూడబలుకుకొని చదివియుండును. అలవాటుపడిన చేయి చదువదు. తనంత తాను కదలిపోవును. అయితే ఆ చేతిని ఆపినదియు అనుభవమే. ఏదో రంగు తేడాగా ఉన్నదని చురుక్కుమనుట పదునాలుగేండ్ల కంటికే సాధ్యము.

హెడ్ నర్సుగారు ఎవరిని నిందింపలేదు. "తప్పు నాదేనండి. కొత్తగా చదువైన పిల్లలకైతే దగ్గరుండి అన్నీ చూపిస్తాం. ఈవిడ అనుభవం గల మనిషి గదా అని మొదటి రోజే ట్రే చేతికిచ్చాం" అన్నారు. ఆ మాటలో నాకు సంగతి అంతయు కనబడినది. చిన్నదానికి పెద్దామెకు చెప్పుటకు మొగమాటము. పెద్దామెకు చిన్నదానిని అడుగుటకు సిగ్గు. ఆ మొగమాటమునకును ఈ సిగ్గునకును నడుమ, మంచము మీద, మా అక్కయ్య ఉన్నది.

ధౌమ్యుడు ఏమి నేర్పినాడు?

తెలుగు చెప్పుకొనువాడను గనుక నా మనస్సు వెంటనే విరాటపర్వమునకు పోయినది. అజ్ఞాతవాసమునకు బయలుదేరు పాండవులకు ధౌమ్యుడు సేవాధర్మములను బోధించిన ఘట్టమును మనమందరము బడిలో చదివినవారమే. తిక్కన సోమయాజి ఆ ఘట్టమును ఎంత ఓపికతో నడిపించినాడో! చిన్ననాడు చదివినప్పుడు నాకొక సందేహముండెడిది. రాజసూయము చేసిన ధర్మరాజునకు రాజు కొలువును గూర్చి ఒకరు చెప్పవలెనా అని. సమాధానము ఆసుపత్రిలో దొరకినది. ధర్మరాజునకు కొలువు తెలియును. కాని సింహాసనము మీదనుండి తెలియును. సింహాసనము ముందు నిలిచి ఎరుగడు. చోటు మారినది గనుక తెలిసిన కొలువే తెలియని కొలువైనది.

మరియొకటి గమనింపుడు. ధౌమ్యుడు అర్జునునకు విలువిద్యను నేర్పలేదు. భీమునకు గదాయుద్ధమును నేర్పలేదు. వారికున్న విద్యల జోలికే పోలేదు. కొలువులో ఎచట కూర్చుండవలెను, ఎట్టి మాట ఆడవలెను, ఆవులింతను నవ్వును ఎట్లు అణచుకొనవలెను అనునవి మాత్రమే చెప్పినాడు. తెలిసినదానిని గౌరవించి, తెలియనిదానిని మాత్రము చెప్పుట అనుభవజ్ఞులకు శిక్షణనిచ్చువాని మొదటి ధర్మము. ఇక అన్నదమ్ములైదుగురు, ద్రౌపదియు, 'మాకు తెలియనిదా' అనక, చేతులు కట్టుకొని వినినారు. అది నేర్చుకొనువారి ధర్మము.

నేటి నర్సింగు శాస్త్రమును ఇదే మాట చెప్పుచున్నది. అమెరికాకు చెందిన పెట్రీషియా బెన్నర్ అను నర్సింగు పండితురాలు 1984లో 'ఫ్రమ్ నావిస్ టు ఎక్స్‌పర్ట్' అను గ్రంథమును ప్రకటించినారు. చదరంగపు ఆటగాండ్రను, విమాన చోదకులను పరిశీలించి డ్రైఫస్ సోదరులు కనుగొన్న నైపుణ్యపు మెట్లను ఆమె నర్సులకు అన్వయించినారు. కొత్తవారు, కొంత తెలిసినవారు, సమర్థులు, నిపుణులు, ఆరితేరినవారు అని ఆ మెట్లు ఐదు. అందులో మన ప్రస్తుతమునకు పనికివచ్చు విషయమేమనగా, ఐదవ మెట్టు మీదనున్న నర్సైనను తనకు అనుభవములేని రోగుల నడుమకు పోయినచో మొదటి మెట్టుకు దిగిపోవచ్చును. నైపుణ్యము మనిషిలో మాత్రమే లేదు. మనిషికిని చోటునకును గల పరిచయములో ఉన్నది.

ఈ మాట మన ఇండ్లలో ఎవరికి తెలియదు? పుట్టింట పదిమందికి వండి వడ్డించిన పిల్ల అత్తవారింట మొదటినాడు పోపు పెట్టబోయి దిక్కులు చూచును. వంట రాక కాదు. ఆవాలడబ్బా ఎచటనున్నదో తెలియక. ఆ ఇంటి అత్తగారు 'వంట రాని పిల్ల' అని తీర్మానించిన, ఆ కాపురము సంగతి చెప్పనక్కరలేదు.

పలక మీద పక్కన వ్రాయుట

ఆనాటినుండి హెడ్ నర్సుగారు తమ పద్ధతిని మార్చినారు. మిగిలిన ఎనిమిది రాత్రులు నేను దానిని దగ్గరగా చూచితిని. "కొత్తపిల్లకు నేర్పడం తేలికండి. అది ఖాళీ పలక. చేయి తిరిగిన మనిషికి నేర్పడమే కష్టం. ఆ పలక మీద ముందే రాసి ఉంటుంది. చెరపకూడదు. పక్కన రాయాలి" అన్నారామె. విద్యాశాస్త్ర గ్రంథములు తిరుగవేసిన నాకు ఇంత సూటిగా చెప్పిన మాట ఎచటను కనబడలేదు.

మొదట ఆమె కొత్త నర్సును కూర్చుండబెట్టి, అరగంటసేపు అడిగినారు. ఇంతవరకు ఏ వార్డులలో పనిచేసినారు, ఏ యంత్రములు అలవాటు, ఏ పని కండ్లు మూసికొని చేయగలరు, ఏ పని చేసి చాలకాలమైనది అని. పరీక్ష వలె గాక పలకరింపు వలె సాగినది. పిమ్మట ఒక కాగితమును నిలువున మడచి, 'అక్కడ' అని ఒక ప్రక్కను, 'ఇక్కడ' అని మరొక ప్రక్కను వ్రాసి ఇచ్చినారు. తేడా కనబడినప్పుడెల్ల అందులో వ్రాసికొనవలెను. మొదటి వరుసలో ఎక్కినది ఇన్సులిన్ సిరంజి. సెలైన్ ఎక్కించు గొట్టము రెండవది. ఇక్కడి గొట్టములో మిల్లీలీటరునకు 20 చుక్కలు. పసిపిల్లల గొట్టములో 60. చుక్కల లెక్క అలవాటున్న చోటు మారిన, పాత లెక్క కొత్త గొట్టమునకు చెల్లదు. లీటరు సెలైన్‌ను ఎనిమిది గంటలలో ఎక్కింపవలెనన్న, 20 చుక్కల గొట్టములో నిమిషమునకు సుమారు 42 చుక్కలు పడవలెను. 15 చుక్కల గొట్టమైనచో 31 చాలును. మందుల పేర్లు పిమ్మటివి. మనము పారాసిటమాల్ అను దానిని అమెరికాలో ఎసిటమినోఫెన్ అందురు. మన అడ్రినలిన్ అక్కడ ఎపినెఫ్రిన్. మందు ఒకటే, పేరు వేరు. పేరు పోల్చుకొనలేని క్షణమున చేయి ఆగిపోవును.

రెండవది, అత్యవసరపు ట్రాలీ. 'ఇదిగో ట్రాలీ' అని చూపి పోలేదు. ఆ నర్సుచేతనే ఒక్కొక్క సొరుగును తెరిపించి, ఉన్న వస్తువును చేతపట్టించి, తిరిగి పెట్టించినారు. మరునాడు సొరుగులు మూసియుండగా ఏది ఎందున్నదో అడిగినారు. గుండె ఆగిన మనిషి దగ్గర నిలిచినప్పుడు వెదకులాటకు వ్యవధి ఉండదు. చూచినది కన్ను మరచును; తెరచినది చేయి మరువదు.

మూడవది, పనిలో మూడు అంచెలు. ఇక్కడి పద్ధతిని మొదట చూచుట. పిమ్మట తోడుగా ఒకరుండగా చేయుట. ఆ పిమ్మట ఒంటరిగా చేయుట. చేయి తిరిగినది గనుక మొదటి అంచెను దాటవేయుట లేదు. కాని ఒక్కొక్క అంచెలో నిలుపు కాలము తక్కువ. ఇన్సులిన్, హెపారిన్, పొటాషియం వంటి ప్రమాదకరమైన మందుల విషయమున మాత్రము కొత్తపాతల భేదము లేదు. ఎవరైనను సరే, ఇద్దరు వేరువేరుగా లెక్క చూచి, రెండు లెక్కలు కలసిన పిమ్మటనే సూది ఎత్తవలెను.

నాలుగవది భాష. తెలుగువాడను గనుక ఇది నాకు మరింత రుచించినది. హెడ్ నర్సుగారు గుంటూరు ప్రాంతమువారు. చిన్నతనమున వరంగల్లులో ఉద్యోగములో చేరిన కొత్తలో, ఒక తల్లి పరుగెత్తుకొనివచ్చి, "మా పోరనికి సోయి లేదమ్మా" అన్నదట. ఏమి లేదన్నదో ఆమెకు అర్థము కాలేదు. రెండుమార్లు అడిగినారు. ప్రక్కనున్న ఆయా, "తెలివి లేదంటోందమ్మా" అని చెప్పినదాక కాలు కదలలేదు. పుస్తకములో స్పృహ, కోస్తాలో తెలివి, తెలంగాణమున సోయి. మూడును మన తెలుగే. ఒకచోట ఒంట్లో బాగాలేదందురు. మరొకచోట పానం మంచిగ లేదందురు. పోటు, సలుపు, తీపు, గుంజుడు అను మాటలలో ఒక్కొక్కటి ఒక్కొక్క నొప్పి. రోగి చెప్పిన మాటను ఆయా చేత విని తెలిసికొనుట కూడ శిక్షణయే. ఆయాను అడుగుటకు సిగ్గుపడు నర్సుకు ఆ పాఠము రాదు.

ఇక ఐదవది, అన్నిటికంటె నాకు నచ్చినది. వారము చివర హెడ్ నర్సుగారు ఆమెను, "మీరు అక్కడ చేసేవాటిలో మేం నేర్చుకోదగ్గది ఏమన్నా ఉందా?" అని అడిగినారు. ఆమె కొంచెము తటపటాయించి, ఒకటి చెప్పినారు. రాత్రివేళ డాక్టరు ఫోనులో మందు చెప్పినప్పుడు, విన్నదానిని వెంటనే వ్రాసికొని, వ్రాసినదానిని ఆయనకు తిరిగి చదివి వినిపించుట ఆమె అలవాటు. అంకెను విడివిడిగా పలుకుదురు. ఎందుకనగా ఇంగ్లీషులో ఫిఫ్టీన్ అన్నను ఫిఫ్టీ అన్నను ఫోనులో ఒక్కతీరున వినిపించును. అందుచేత 'ఒకటి, అయిదు' అని చదువుదురు. ఆ రాత్రినుండి ఆ వార్డులో అందరును అట్లే చదువజొచ్చినారు. కొత్త నీరు వచ్చి పాత నీటిని కొట్టుకొనిపోయినదని సామెత. ఇక్కడ కొత్త నీరు పాత నీటిలో కలసి, ఏరు పెరిగినది.

ఇదంతయు చెప్పినంత సులభము కాదు. కొత్తవారికి తోడు నడచు నర్సుకు తన రోగులు తనకుండనే ఉన్నారు. ఆ చిన్న నర్సు ఒకవైపు సెలైన్ సీసాలు మార్చుచు, ఒకవైపు కేసు షీట్లు నింపుచు, ఆ సందున పెద్దామెకు వార్డు చూపవలసివచ్చినది. తొలినాటి పొరపాటులో ఈ తొందరకును పాలున్నది. హెడ్ నర్సుగారు ఆ వారము ఆ పిల్లకు నాలుగు మంచములు తగ్గించి, వాటిని తాము చూచుకొన్నారు. నేర్పుట కూడ పనియే. దానికి కాలమీయక, 'నేర్పితివా?' అని అడుగుట న్యాయము కాదు.

స్కుటారిలో సూదిదారము

అనుభవజ్ఞులైన నర్సులు కొత్తచోట కాలుపెట్టిన ఘట్టములలో జగత్ప్రసిద్ధమైనది 1854 నవంబరులో జరిగినది. ఫ్లారెన్స్ నైటింగేల్ 38 మంది స్త్రీలను వెంటబెట్టుకొని, క్రిమియా యుద్ధములో గాయపడిన సైనికులకు సేవచేయుటకై కాన్‌స్టాంటినోపిల్ ఎదుటి స్కుటారి సైనికాసుపత్రికి వచ్చినది. వారిలో ఆసుపత్రులలో పనిచేసినవారును, సేవావ్రతులైన సన్న్యాసినులును కలరు. కాని సైనికవైద్యులు వారిని ఆదరింపలేదు. నైటింగేల్ వారితో కలహింపలేదు. వైద్యులు పిలుచువరకు ఎవరును రోగులను ముట్టరాదని తనవారిని కట్టడి చేసినది. అంతదాక సూదిదారము పట్టి వస్త్రములు కుట్టుచుండుడనినది. కొలదిదినములలోనే గాయపడినవారు వెల్లువగా రాగా వైద్యులే పిలిచినారు. చోటు తమను ఎరుగువరకు, చోటును తాము ఎరుగువరకు ఓర్చుకొనుట ఎంత గొప్ప నర్సుకైనను తప్పలేదు.

మన బడులలో

ఇప్పుడు నా సంగతి కూడ చెప్పుకొనవలెను. పండ్రెండేండ్లు ఒక కళాశాలలో పనిచేసిన పిమ్మట నాకు మరొక ఊరికి బదిలీ అయినది. మొదటినాడు ఏ గది అని అడుగుటకు చిన్నతనమనిపించి, తోచిన గదిలో దూరి, అరగంటసేపు మనుచరిత్రను గూర్చి ప్రసంగించితిని. పిల్లలు నోరు తెరచి వినుచుండగా నా గొప్పతనమే అనుకొంటిని. తీరా చూడగా వారు వాణిజ్యశాస్త్రము చదువువారు. వారి అధ్యాపకుడు వాకిట నిలిచి నవ్వుచున్నాడు. నా సిగ్గువలన చెడినది ఒక అరగంట. నర్సు సిగ్గువలన చెడునది ఒక ప్రాణము కావచ్చును. వెల వేరు, జబ్బు ఒకటే.

ప్రతి సంవత్సరము జూన్ మాసమున బడులు తెరచునప్పుడు మన ఉపాధ్యాయుల గదులలోనికి బదిలీపై వచ్చిన పెద్దలు అడుగు పెట్టుచుందురు. ఇరువదియైదేండ్ల అనుభవము గలవారికి ఏమి చెప్పుదుమని మనము ఊరకుందుము. ఏ పిల్లవానికి మూర్ఛ వచ్చునో, ఏ పిల్ల ఇంటిలో అన్నము లేక వచ్చుచున్నదో, వానకాలమున ఏ గోడ ప్రక్కన పిల్లలను కూర్చుండబెట్టరాదో వారి అనుభవములో ఉండదు. అది మన బడిలో ఉన్నది. మన నోటిలో ఉన్నది.

పండ్రెండవనాటి ఉదయము అక్కయ్యను ఇంటికి తీసికొనిపోవుటకు సామాను సర్దుచుండగా, ఇన్సులిన్ ట్రే నా కంటబడినది. అందులో రెండు చిన్న పెట్టెలు. ఒకదానిమీద ఎర్రసిరాతో 40, మరొకదానిమీద నారింజరంగుతో 100. ఆ చేవ్రాత కొత్త నర్సుదట. ఆనాడే మరియొక ఆసుపత్రినుండి ఇంకొక అనుభవజ్ఞురాలు వచ్చి చేరినది. మన చిన్న నర్సు ఆమెను ఆ ట్రే దగ్గరకు తీసికొనిపోవుచుండెను. ఈమారు రెండడుగులు వెనుకగా గాక ప్రక్కనే నడచుచుండెను. ఆ పిల్ల అన్నమాట నాకు వినబడినది.

"మీకు తెలిసే ఉంటుంది మేడమ్. అయినా చెప్తాను."

వచ్చినామె నవ్వి, "తెలిసిందే అయినా చెప్పమ్మా, వింటాను" అన్నది.